కత్తెరక్క వేసిన కూరమడి

కత్తెరక్క నోటికి జడిసి ఆ వీధిలో ఆడవాళ్ళు లావెక్కడానికి కూడా భయపడేవారని ఒక మాట ఉండేది. ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని, మెడలో టేపు వేలాడేసుకుని, వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషి ఆమె. కొలతలు తీస్తూ ఆమె అనే మాటలు కుట్టిన బట్టలకంటే ఎక్కువ కాలం మన్నేవి. ఒకసారి ఒకావిడ నడుము కొలుస్తూ, "టేపు అయిపోయిందమ్మా, మిగతాది రేపొచ్చి కొలిపించుకో" అందట. ఆవిడ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు గానీ ఆ మాట మాత్రం ఇంటింటికీ తిరిగింది.

కత్తెరక్క పెళ్ళి చేసుకోలేదు. తల్లి కన్నుమూసేనాటికి తమ్ముడు పలక పట్టుకుని, ఎడమకాలు కాస్త ఈడ్చుకుంటూ బడికెళ్ళే వయసువాడు. వాణ్ణి సాకి, చదివించి, నీళ్ళ శాఖ ఆఫీసులో గుమాస్తా అయ్యేదాకా ఆమె మిషను తొక్కుతూనే ఉంది. తరువాత తానే పిల్లను వెతికి పెళ్ళి చేసింది. మరదలు కాపురానికి వచ్చిన కొత్తలో, ఆ అమ్మాయికి బట్టలు కుట్టడానికని ముందు గదిలో నిలబెట్టి కొలతలు తీసింది. అప్పుడక్కడ నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మరదలు కాస్త ఒళ్ళున్న పిల్ల. కత్తెరక్క టేపు చుట్టి, విప్పి, "గోనెసంచికి కొలతలెందుకు? మూతి దగ్గర ఓ తాడు కడితే చాలదూ!" అంది. అందరూ పగలబడి నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ తమ్ముడూ నవ్వాడు. మరదలు కూడా నవ్వింది. లోపలికెళ్ళాక ఆమె ఏం చేసిందో ఎవరూ చూడలేదు.

ఏళ్ళు గడిచాయి. కత్తెరక్క కళ్ళల్లో పొగ మొదలైంది. కళ్ళజోడు మార్చినా పొగ పోలేదు. లోపలి నరం ఎండిపోతోందనీ, దానికి మందు లేదనీ డాక్టరు చెప్పాడు. ముందు కుట్లు వంకరపోయాయి. తరువాత ఒకావిడ జాకెట్టుకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అయింది. ఆవిడ దాన్ని తొడుక్కుని వీధంతా తిరిగి చూపించి వచ్చింది. అన్నేళ్ళుగా మాటలు పడ్డవాళ్ళందరికీ ఆ రోజు కడుపు చల్లబడింది. ఆ తరువాత బట్టలు తెచ్చేవాళ్ళు లేరు. మరదలు మిషనుమీద దుప్పటి కప్పి, దానిమీద ఇస్త్రీ పెట్టె పెట్టుకుంది. ముందు గదిలోకి టీవీ వచ్చింది. కత్తెరక్క మంచం వెనక వరండాలోకి, బట్టలుతికే బండ పక్కకి చేరింది.

"ఊరికే కూర్చుంటే ఎలా వదినా, కాళ్ళు పట్టేస్తాయి" అనేది మరదలు అన్నం వడ్డిస్తూ. కాళ్ళ గురించి కాదని ఇద్దరికీ తెలుసు. రెండోసారి అన్నం వేసేటప్పుడు గరిటె గిన్నెకు తగిలి గట్టిగా మోగేది.

వానలు వెనకపట్టి, ఎండలో చురుకు తగ్గిన రోజులవి. వీధి చివర నారు అమ్మే ముసలాయన, అందరూ నారుమామ అని పిలిచే ఆయన, కొట్టు ముందు క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు ట్రేలు పరిచాడు. చలికాలం కూరలు వేసుకునేవాళ్ళు వచ్చిపోతున్నారు. కత్తెరక్క గోడ తడుముకుంటూ అక్కడికి వెళ్ళింది.

"వెనక పెరడంతా బీడుగా పడుంది మామా. కూరలు వేద్దామని."

"వెయ్యి. నీకు నారయితే మంచిది. మొక్క చేతికి తగులుతుంది. విత్తనమైతే ఇసుకరేణువంత ఉంటుంది, ఎక్కడ పడిందో నీకే తెలీదు."

"పెరిగిన బిడ్డను తెచ్చుకుని నేనే కన్నానని చెప్పుకోమంటావా? విత్తనమే ఇవ్వు."

"నీ నోరు కళ్ళతో పాటు పోతుందనుకున్నాను" అని గొణుక్కుంటూ ఆయన పొట్లాలు కట్టి ఇచ్చాడు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, క్యారెట్, పాలకూర.

పొట్లాలు వంటగది కిటికీలో పెట్టి ఆమె పెరడు తవ్వడం మొదలుపెట్టింది. రాళ్ళు ఏరింది. గడ్డి వేళ్ళు చేత్తో తడిమి లాగేసింది. పశువుల ఎరువు తెప్పించి కలిపింది. మట్టిని పిండిలా చేసి మడులు కట్టింది. అన్నాళ్ళ తరువాత ఆమె చేతులకు పని దొరికింది. సాయంత్రానికి నడుము విరిగిపోతున్నా రెండోసారి అన్నం పెట్టమని అడిగేంత ధైర్యం వచ్చింది.

ఒక ఉదయం మరదలు బట్టలారేయడానికి మడుల మధ్యనుంచి నడిచింది. పక్కింటావిడ గోడమీదనుంచి చూస్తోంది. కత్తెరక్కకు పాత గాలి తగిలింది. "మెల్లగా మరదలా! నువ్వో అడుగేస్తే నేను మళ్ళీ మొదటినుంచీ తవ్వుకోవాలి" అంది. పక్కింటావిడ కిసుక్కున నవ్వింది.

మరదలు బట్టలన్నీ ఆరేసింది. ఒక్కొక్కటీ దులిపి, మడతలు సరిచేసి, నెమ్మదిగా ఆరేసింది. లోపలికెళ్ళి పొయ్యి వెలిగించి, పెనం పెట్టి, కిటికీలోని పొట్లాలు విప్పి ఒకదాని తరువాత ఒకటి విత్తనాలను వేయించింది. క్యాబేజీ విత్తనాలు అచ్చం ఆవాల్లా ఉంటాయి. అవి చిటపటమనకముందే దించేసింది. ఏళ్ళతరబడి పోపులు పెట్టిన చెయ్యి, ఎక్కడ ఆపాలో తెలుసు. చల్లార్చి, ఎప్పటిలాగే పొట్లాలు కట్టి కిటికీలో పెట్టింది. సాయంత్రం ఆఫీసునుంచి వచ్చిన మొగుడికి చెప్పింది. అతను కాఫీ తాగుతూ పొలమారేలా నవ్వాడు. "రెండ్రోజులాగి చెప్పేద్దాంలే" అన్నాడు.

కత్తెరక్క విత్తనాలు చల్లింది. క్యాబేజీకీ కాలీఫ్లవర్‌కీ విడిగా నారుమడి. ముల్లంగీ క్యారెట్టూ పాలకూరా నేరుగా సాళ్ళలో. ఒక్కసారే అన్నీ వేసేయకూడదని ప్రతి పొట్లంలోనూ సగం మిగిల్చుకుంది. పైన మెత్తటి మట్టి చల్లి, తడి గోనె కప్పి, దోసిలితో నీళ్ళు చిలకరించింది. పిచ్చుకలు వాలితే చప్పట్లు కొట్టేది. చీమలు పట్టకుండా గట్లచుట్టూ బూడిద పోసింది. రోజూ పొద్దున్నే గోనె ఎత్తి, మునివేళ్ళతో మట్టిని తాకి చూసేది. జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు తాకినట్టుండేది ఆ తాకడం.

ముల్లంగి అయితే వారం తిరగకముందే లేవాలి. లేవలేదు. పాలకూర లేవలేదు. నారుమడి బోడిగుండులా ఉంది.

"అక్కా, ఇవాళ కూర మన తోటదేనా?" అని తమ్ముడు కంచం ముందు కూర్చోగానే అడిగేవాడు. మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. రెండు రోజుల్లో చెబుదామన్న మాట ఎటో పోయింది. నవ్వు రుచి మరిగినవాళ్ళకు అది మానుకోవడం పస్తులా అనిపిస్తుంది మరి. పక్కింటావిడకు తెలిసింది. ఆవిడనుంచి ఎదురింటికి, అక్కడినుంచి పాలవాడికి. వీధిలో ఎదురైనవాళ్ళు ఎంతో మర్యాదగా, "ఏమక్కా, మొలిచాయా?" అని అడిగేవారు. ఆమె నిలబడి జవాబు చెప్పేది. మట్టిలో వేడి తగ్గలేదేమో అనేది. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అనేది. చివరికి ఒకరోజు తనలో తాను మాట్లాడుకున్నట్టు, "నా చేతికే చావు పట్టింది. గుడ్డ ముట్టుకుంటే చెడింది, ఇప్పుడు విత్తనమూ చెడింది" అంది. ఆ మాట కూడా వీధిలో తిరిగింది.

అంతలో పాలకూర సాలులో ఒక మొక్క లేచింది. మరదలే ముందు చూసింది.

"వదినా! పాలకూర వచ్చింది, చూడండి!"

కత్తెరక్క మోకాళ్ళమీద కూర్చుని వెతుక్కుంది. వేలికి లేత ఆకు తగిలింది. ఆమె ముఖం ఎలా అయిందంటే, గోడ అవతల నవ్వడానికి సిద్ధంగా ఉన్న పక్కింటావిడ కూడా ఒక్క క్షణం తలతిప్పుకుంది. ఒక్క క్షణమే.

"ఒకటొచ్చిందంటే మిగతావీ వస్తాయి" అంది కత్తెరక్క.

దానికి రోజూ నీళ్ళు పోసింది. ఎండ తగలకుండా పాత గుడ్డముక్క కట్టింది. మొక్క ఏపుగా ఎదిగింది. ఒకరోజు ఆకు నిమిరితే వేలికి ముల్లు దిగింది. ఆమె కాడ పొడుగునా తడిమి చూసింది. కాడంతా ముళ్ళే. బీడుల్లో, కాలవగట్లమీద పెరిగే పిచ్చిమొక్క అది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది. లేచి, మిగిల్చిన పొట్లాలు తీసుకుని నారుమామ కొట్టుకు బయలుదేరింది.

కొట్టు దగ్గర జనం ఉన్నారు. అది చూసే ఆమె గొంతు పెంచింది. "దొంగ ముసలాడా! గుడ్డిదాన్నని పుచ్చు విత్తనాలు అంటగడతావా? వినండమ్మా, ఈయన దగ్గర ఏమీ కొనకండి! మొలకెత్తని మట్టిబెడ్డలు అమ్ముతున్నాడు!"

ట్రే చేతిలోకి తీసుకున్న ఒకావిడ దాన్ని తిరిగి కింద పెట్టేసింది. నారుమామ ముఖం నల్లబడింది. పొట్లం లాక్కుని, నాలుగు విత్తనాలు అరచేతిలో పోసుకుని గోటితో నలిపాడు. వాసన చూశాడు. ఆమె అరచేయి పట్టుకుని ఆ పొడి అందులో రాశాడు.

"వాసన చూడు."

ఆమె చూసింది. వంటింటి వాసన. మాడుకు ఒక్క అడుగు ఇవతల ఆపిన ఆవాల వాసన.

"ఇవి వేయించినవి. నేను వేయించి అమ్మడానికి నాకేం పిచ్చా? మీ ఇంట్లో ఎవరో పొయ్యిమీద పెట్టారు."

ఆమె అరచేయి చీరకు తుడుచుకుంది. వెళ్ళిపోబోతే ఆయన భుజం పట్టి ఆపాడు.

"ఎక్కడికి? నా పరువు తీసింది నడివీధిలో. ఇప్పుడు కూడా నడివీధిలోనే చెప్పు. ఇందాక ఎంత గట్టిగా అరిచావో అంత గట్టిగా."

"వదిలెయ్యి మామా."

"నువ్వు ఎవర్ని వదిలావు ఇన్నేళ్ళూ? చెప్పు."

కత్తెరక్క వీధివైపు తిరిగింది. ఆమెకు మనుషులు మసకనీడల్లా కనిపిస్తున్నారు. "ఈయన విత్తనం మంచిదే" అంది.

"వినపడలేదు."

"ఈయన విత్తనం మంచిదే! మా ఇంట్లో వేయించారు!" అని అరిచింది.

ఎవరో ఫక్కున నవ్వారు. ఒకరు నవ్వితే మిగతావాళ్ళకు ధైర్యం వచ్చింది. చాలామందికి అది కొత్త సంగతి కూడా కాదు. నవ్వు తగ్గాక నారుమామ కొట్టు మూలనుంచి ఒక ట్రే తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. ఎవరూ కొనక, వెలుతురు చాలక, పొడుగ్గా సాగి పాలిపోయిన కాలీఫ్లవర్ నారు. "ఎలాగూ పారబోసేదే. తీసుకుపో. కాడ మునిగేదాకా లోతుగా నాటు" అన్నాడు. అది జాలో, ఎగతాళో ఆయనకే తెలియదు.

ఆమె ఇల్లు చేరేలోపే కబురు ఇల్లు చేరింది. మరదలు గదిలోకెళ్ళి తలుపు వేసుకుంది. తమ్ముడు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"సరదాకి చేసిందక్కా. దానికంత గొడవ చేసి వీధిలో పరువు తీస్తావా?"

"నీకు తెలుసురా?"

"ఆ, ఏదో..."

"ఎప్పుడు తెలుసు?"

"మొదటిరోజే చెప్పింది. చెప్పేద్దామనే అనుకున్నాం. రోజూ నువ్వు ఆ గోనె ఎత్తి చూస్తుంటే..." అతనికి మాట మధ్యలోనే నవ్వు వచ్చింది. ఆపుకోబోయాడు. ఆపుకోలేకపోయాడు.

కత్తెరక్క ఆ నవ్వును చివరిదాకా విన్నది. మరదలు చేసినదానికి ఆమె దగ్గర లెక్క ఉంది. తానూ అన్నది, ఆమె తిరిగి కొట్టింది, సరే. తమ్ముడి నవ్వుకు మాత్రం ఆమె దగ్గర ఏ లెక్కా లేదు. వరండాలోకి వెళ్ళి మంచంమీద కూర్చుని, ట్రేలోని మొక్కల్ని ఒక్కొక్కటే తడిమి చూసుకుంది.

మర్నాటి సాయంత్రం ఎండ దిగాక నాటింది. మొక్కకూ మొక్కకూ రెండేసి జానల ఎడం. బొటనవేలితో గుంట చేసి, సాగిన కాడను మొదటి ఆకులదాకా దించి, చుట్టూ మట్టి అదిమింది. పాత గుడ్డపేలికలతో పగలు నీడ కట్టి, సాయంత్రాలు విప్పేది. ఆకుల అడుగున చెయ్యి పోనిచ్చి పురుగుల్ని వెతికి, వేళ్ళమధ్యే నలిపేసేది. ఇంట్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. చలి ముదిరేకొద్దీ మొక్కలు బలిశాయి. ఆకుల మధ్య తెల్లటి పువ్వులు కట్టుకుని పిడికిలంతయ్యాయి, తరువాత పళ్ళెమంతయ్యాయి. పువ్వు పచ్చబడకుండా దాని ఆకుల్నే పైకి మడిచి కట్టింది.

మరదలికి భయం పోయి గర్వం వచ్చింది. "మా పెరట్లో కాలీఫ్లవర్ చూశారా?" అని గోడమీదనుంచి చూపించేది. ఒక ఆదివారం తన అన్నావదినల్ని భోజనానికి పిలిచింది. "మందు కొట్టని కూర, మా తోటది, వచ్చి తినండి" అని ఫోనులో చెప్పింది. అది కత్తెరక్క వింది.

ఆ ఆదివారం తెల్లవారుతూనే మరదలు కత్తి పట్టుకుని పెరట్లోకి వచ్చింది. వెనక గేటు బార్లా తెరిచి ఉంది. మాంసం కొట్టువాడి మేకలు మడులనిండా ఉన్నాయి. కత్తెరక్క బోర్లించిన బకెట్టుమీద కూర్చుని, మడిచి కట్టిన ఆకుల ముడులు ఒక్కొక్కటే విప్పి వాటి ముందుకు వంచుతోంది.

మరదలు కేక పెట్టి, కత్తి పడేసి, చీపురు తిరగేసి మేకలమీద పడింది. అవి ఇటు కొడితే అటు దూరి తిన్నాయి. తమ్ముడు బనీనుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా! నీకు పిచ్చా?"

"పాపం తిననీరా. రేపో మాపో కోస్తాడు వాటిని."

"ఇంటికి చుట్టాలొస్తున్నారు!"

"వాళ్ళకూ చెప్పు. త్వరగా వస్తే కాడలైనా దొరుకుతాయి."

అతను ఆమె రెక్క పట్టుకుని లేపాడు. బకెట్టు దొర్లిపోయింది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు ఆమె అతని చెయ్యి పట్టుకున్నంత గట్టిగా పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళాడు. ఆమె పెట్టె బయట పడేశాడు. దుప్పట్లు విసిరేశాడు. "ఇంక ఈ ఇంట్లో నీకు అన్నం లేదు" అన్నాడు. మరదలు చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంతదాకా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. "ఏమండీ..." అంది. అతను వినలేదు.

చుట్టాలు గేటు దగ్గర దిగేసరికి కత్తెరక్క పెట్టె ఈడ్చుకుంటూ బయటికి వస్తోంది. "రండి, రండి. లోపల చోటు ఖాళీ అయింది" అంది వాళ్ళతో.

నారుమామ ఆమెను చూసి, "ఇదేమన్నా సత్రమా?" అన్నాడు. అయినా ఎరువు సంచుల షెడ్డులో ఒక మూల చూపించాడు. ఆయనకూ మనిషి కావాలి. నారు విడదీసే పనికి వచ్చినవాళ్ళెవరూ ఆయనతో నెల కూడా వేగలేదు. ఈమెకు వేరే దిక్కు లేదు కాబట్టి నిలిచింది. పొద్దున్నించీ ట్రేల ముందు కూర్చుని, వేలి చివరతో ఒక్కో మొలకను లేపి, వేరు తెగకుండా పక్క గుంటలోకి దించేది. ఆయన తాను తినగా మిగిలింది పెట్టేవాడు. చలిలో ఆమెకు దగ్గు పట్టుకుంది. ఎరువు వాసనకు అది తగ్గలేదు. కొనడానికి వచ్చినవాళ్ళను ఆమె ఏదో ఒకటి అనేది, వాళ్ళు ఆయనతో చెప్పేవారు, ఆయన ఆమెను తిట్టేవాడు. ఇద్దరికీ పొద్దు గడిచేది.

నారుమామకు ఒక ఆట దొరికింది. వీధి ఖాళీగా ఉన్నప్పుడు, "అదుగో, మీ తమ్ముడు వస్తున్నాడు" అనేవాడు. ఆమె చేతులు ఆపేసి, మట్టి తుడుచుకుని, జుట్టు సరిచేసుకుని, నిటారుగా కూర్చునేది. కాసేపటికి ఆయన, "అటు తిరిగిపోయాడులే" అనేవాడు. ఆమె మళ్ళీ ట్రేమీదికి వంగేది. ఆయన అలా చాలాసార్లు చేశాడు. కొన్నాళ్ళకు ఆమె జుట్టు సరిచేసుకోవడం మానేసింది. ఇంకొన్నాళ్ళకు, "వస్తే రానీ, ఎరువులో పూడ్చిపెడతాను" అనడం మొదలుపెట్టింది. ఆయన దానికి ఇంకా నవ్వేవాడు.

మళ్ళీ ఎండలు ముదిరేవేళకు ఆమె కళ్ళల్లో మిగిలిన కాస్త వెలుగూ పోయింది. ఒక మధ్యాహ్నం కొట్టు ముందు ఎవరో వచ్చి ఆగారు.

"మీ తమ్ముడొచ్చాడు" అన్నాడు నారుమామ.

"వాణ్ణి తీసుకెళ్ళి మేకల్లో తోలు" అంది ఆమె, చేతిలో మొలక వదలకుండా. "మాంసం కొట్టువాడికి నాలుగు కేజీలు ఎక్కువొస్తుంది."

"కాదు, నిజంగా..."

"నిజంగానే చెబుతున్నా. అలాంటివాణ్ణి కొడుకులా పెంచినందుకు నా చేతులు విరిచెయ్యాలి. పొమ్మను."

అడుగుల చప్పుడు వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ నడక ఆమెకు తెలుసు. ఎడమకాలు కాస్త ఈడ్చే నడక. చెయ్యి ట్రేమీద ఆగిపోయింది.

"మామా, ఎవరది?"

నారుమామ ఒక ట్రే పక్కకి జరిపాడు. "చెప్పాను కదా" అన్నాడు.

ఆమె ముఖం వీధివైపు తిరిగింది. పిలవాలని నోరు తెరిచింది. దగ్గు వచ్చింది. దగ్గు ఆగేసరికి వీధిలో ఏ చప్పుడూ లేదు.

"ఏ చొక్కా వేసుకున్నాడు? నేను కుట్టిందేనా?" అంది.

"చూళ్ళేదు" అన్నాడు నారుమామ.